నాలుగో మెషిన్ సంజాయిషీ

చిప్పులు డిజైను చేసి, టెస్టు చేసి అమ్మే కంపెనీలో టెస్ట్ ఇంజనీరు గది. టైము మూడు దాటింది. బల్లకి ఇటు ఇంజనీరు, అటు నాలుగో మెషిన్ ఆపరేటరు. ఆవిడ అతనికి సొంత వదిన. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు, వీళ్ళిద్దరికే తెలియనట్టు నడుచుకుంటారు.

"...అది కాదు వదినా, ముందు కూర్చో."

"నిలబడతాను సార్."

"ఇక్కడెవరూ లేరు. సార్ అనక్కర్లేదు."

"తలుపు అద్దంది సార్."

"సరే, నిలబడే చెప్పండి. మూడు వారాల నుంచి నాలుగో మెషిన్ మీద వందకి తొంభై ఆరు చిప్పులు పాసవుతున్నాయి. మిగతా అయిదు మెషిన్ల మీద డెబ్భై. అదే చిప్పు, అదే పెట్టెలోంచి తీసింది, అదే ప్రోగ్రాము. ఎందుకు?"

"బాగా నడుస్తున్నందుకు సంజాయిషీ అడగడం ఇదే మొదటిసారి సార్ నేను చూడ్డం."

"బాగా నడుస్తోందో, పాడైనవాటిని కూడా దాటించేస్తోందో తేలాలి కదా. కొనేవాళ్ళు అదే అడుగుతున్నారు. వాళ్ళ ఇన్‌స్పెక్టరు నాలుగింటికి వస్తున్నాడు. ఈలోపు ఈ కాగితం నింపాలి. మూడే ప్రశ్నలు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, బాధ్యులెవరు."

"చివరిది ముందే నింపేశారా సార్?"

"ఏది?"

"బాధ్యులు. పెన్సిల్‌తో ఏదో రాసుంది."

"అది... ఊరికే. పెన్సిలే కదా."

"నా పేరా సార్ అది? ఇంటిపేరు ఒకటే కదా, మీదేమో అనుకున్నాను."

"వదినా, నిన్ను ఇరికించడానికి పిలవలేదు. బయటపడెయ్యడానికే పిలిచాను. చెప్పు, ఏం చేశావు?"

"ఏం చేస్తాను సార్. చేతులు కడుక్కుంటాను. చిప్పులకి షాకు తగలకుండా మణికట్టుకి బ్యాండు కట్టుకుంటాను. ట్రే పెడతాను, ట్రే తీస్తాను."

"అందరూ కడుక్కుంటారు. అందరూ కట్టుకుంటారు."

"టీకి వెళ్ళను."

"నువ్వు టీకి వెళ్ళకపోతే చిప్పులు పాసవుతాయా?"

"అవ్వవు సార్. వెళ్తే నా రోజు పని పూర్తవదు, అంతే. నా మెషిన్ నిదానం."

"నిదానమేంటి? ఆరూ ఒకలాంటివే. ఎందుకు నిదానం?"

"ఏసీ కొంచెం ఎక్కువైనట్టుంది సార్ ఈ గదిలో."

"వదినా. స్పీడు తగ్గించావా?"

"రెండు గీతలు."

"అది లాక్ చేసుంటుంది! పాస్‌వర్డు నాకు తప్ప ఇంకెవరికీ..."

"పాప పుట్టిన తేదీ సార్. ఆ రోజు మీరు ఊళ్ళో లేరు. ఆస్పత్రిలో మా తోడికోడలి పక్కన నేనే ఉన్నాను."

"అయ్యయ్యో."

"జలుబు తగ్గిందా పాపకి?"

"తగ్గింది. మాట మార్చకు. అనుమతి లేకుండా టెస్టు మార్చడమంటే ఏంటో తెలుసా నీకు? ఒక్క లైను చాలు, ఇవాళ సాయంత్రానికి నీ బ్యాడ్జి లాగేసుకుంటారు."

"తెలుసు సార్. చేరినప్పుడు ఆ రూలు చదివించి సంతకం పెట్టించుకున్నది మీరే."

"మరి తెలిసీ ఎందుకు?"

"చిప్పులు మంచివి సార్."

"మంచివని నీకెలా తెలుసు? మెషిన్ ఫెయిలంటుంటే?"

"మెషిన్ ఇంకో మాట కూడా అంటుంది. తెర మీద కుడివైపు, అడుగున. చిప్పు ఎంత కరెంటు తాగుతోందో అక్కడ అంకె పడుతుంది. మామూలు పని చేయించినప్పుడు ఒకటి దాటదు. మీ పెద్ద టెస్టు మొదలవగానే మూడు, మూడున్నర. మూడున్నర దాకా పోయిందల్లా ఫెయిలు. మూడు దగ్గర ఆగింది పాసు. రోజుకి నాలుగు వేలసార్లు చూస్తాను సార్ ఆ అంకె."

"ఆ అంకె చూడమని ఆపరేటర్లకి ఎవరూ చెప్పలేదే."

"చూడొద్దని కూడా చెప్పలేదు."

"చూడు, టెస్టంటే అంతే. చిప్పు మామూలుగా పనిచేసేటప్పుడు ఒక మూల మేలుకుంటే ఇంకో మూల పడుకుంటుంది. టెస్టులో అన్ని మూలల్నీ ఒకేసారి లేపి కూర్చోబెడతాం. తప్పెక్కడున్నా బయటపడాలి కదా. అప్పుడు ఎక్కువే తాగుతుంది."

"ఒకేసారి ఎందుకు సార్? ఒకళ్ళ తరవాత ఒకళ్ళని లేపకూడదా?"

"టైము చాలదు. చిప్పుకి రెండు సెకన్లే ఇస్తారు."

"ఇంట్లో మోటారూ హీటరూ వాషింగ్ మెషినూ ఒక్కసారి వేస్తే లైట్లు మసకబారతాయి. ఆ మసకలో నేను పేపరు తప్పు చదివితే, ఈవిడకి చదువు రాదని రాసేస్తారా సార్?"

"...ఇది నీ సొంత మాట కాదు."

"ఏది?"

"ఆ లైట్ల మాట. అన్నయ్యది."

"ఇంట్లో అందరికీ అవే లైట్లు సార్."

"అన్నయ్య చెప్పాడా, స్పీడు తగ్గించమని?"

"చెప్పలేదు. కాఫీ తాగుతూ 'తగ్గిస్తే పాసవుతాయి' అన్నారు. తగ్గించమనలేదు. ఫలానాది చెయ్యమని ఎవరికైనా చెప్పడం ఆయన మానేసి ఏడాదైంది."

"ఎలా ఉన్నాడు?"

"ఉన్నారు."

"ఇంకా ఇంట్లోనే ఉంటున్నాడా?"

"పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఇంట్లోనే ఉన్నారు సార్."

"నా గురించి ఏమైనా అంటాడా?"

"ఏమీ అనరు. టీవీలో మీ పేరున్నవాడు కనిపిస్తే ఛానెల్ మారుస్తారు."

"నన్నేం చెయ్యమంటావు వదినా? ఈ చిప్పు డిజైను గీసింది అన్నయ్య. దానికి టెస్టు రాయాల్సింది నేను. అన్న పరీక్షకి తమ్ముడు పేపరు దిద్దుతున్నాడని క్యాంటీన్లో ఒకటే నవ్వులు. చూసీ చూడనట్టు వదిలేస్తాడని. అందుకని..."

"అందుకని?"

"అందుకని గట్టిగా రాశాను."

"ఎంత గట్టిగా సార్?"

"మిగతా చిప్పులకి మూడు విడతలుగా చేసేది దీనికి ఒకే విడతలో పెట్టాను. స్పీడు పై గీత. రెండు సెకన్లన్నది కూడా... అది నేను అడిగిందే. ఎవరూ వేలెత్తి చూపకూడదని."

"చూపలేదు సార్. చప్పట్లు కొట్టారు."

"వందకి ముప్పై ఫెయిలయ్యాయి. డిజైను బలహీనంగా ఉందని రిపోర్టు రాశాను, నా చేత్తో. సొంత అన్ననైనా వదల్లేదని మీటింగులో పెద్దాయన నా భుజం తట్టాడు."

"వారం తిరక్కుండా మీ అన్నయ్యని పంపించేశారు."

"రూలు ప్రకారం నేను చేసింది తప్పేమీ కాదు."

"కాదు సార్."

"ఒప్పుకుంటున్నావా, వెక్కిరిస్తున్నావా?"

"నిలబడి ఉన్నాను సార్."

"ఆ రోజు అందరిముందూ వచ్చి అడిగాడు, 'నీ టెస్టు ఓసారి చూసుకోరా' అని. నేనేమన్నానో నీకు చెప్పాడా?"

"'అన్నవని తగ్గించమంటావా' అన్నారు."

"చెప్పాడన్నమాట."

"ఒక్కసారే. ఆయన అడిగింది తగ్గించమని కాదు సార్, చూసుకోమని."

"నీ చేతిలో ఆ ట్రే ఏంటి?"

"నిన్న మూడో మెషిన్ ఫెయిల్ చేసినవి. పన్నెండు. చెత్తలో పొయ్యాలంటే మీ సంతకం కావాలి."

"ఒకటి ఇలా ఇవ్వు. ఈ బల్ల మీద చిన్న టెస్టరుంది కదా, ఇందులో పెడదాం. ...ఊఁ. మూడున్నర. ఫెయిలు. చూశావా?"

"చూశాను. రెండు గీతలు తగ్గించండి సార్."

"తగ్గించాను. ...పాసు."

"చిప్పు అదే సార్. మార్చలేదు."

"నాకు కనిపిస్తోందిలే. కానీ స్పీడు తగ్గిస్తే ఎలా వదినా? అదే పనికి ఎక్కువ టైము పడుతుంది. ఆరుగురూ టీ మానేస్తారా?"

"ఆయనా అదే అన్నారు. స్పీడు తగ్గించడం ఏదో పూట గడుపుకోవడమేనట. అసలు పని ఖాళీల దగ్గరుందట."

"ఏ ఖాళీలు?"

"నాకు పూర్తిగా తెలీదు సార్. టెస్టులో చిప్పులోకి ఒకట్లూ సున్నాలూ వరసగా తోస్తారట కదా. వంద గడులుంటే నిజంగా కావలసినవి ఏడో ఎనిమిదోనట. మిగతావి ఖాళీ. వాటిల్లో మీరు ఏది పడితే అది నింపుతున్నారట. ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. తోసినప్పుడల్లా ప్రతి గడీ ఇటు తిరిగి అటు తిరిగి... ఆ తిరుగుడికే కరెంటంతా పోతోందట."

"ఏది పడితే అది నింపడంలో లాభం కూడా ఉంది. మనం వెతకని తప్పులు ఒక్కోసారి వాటంతటవే దొరుకుతాయి."

"దొరికాయా సార్?"

"ఒకటో రెండో."

"ఏడాదిలోనా?"

"...ఒకటి."

"ఖాళీలో పక్క గడిలో ఉన్నదే నింపితే చాలన్నారు. ఒకటి పక్కన ఒకటి, సున్నా పక్కన సున్నా. కదలక్కర్లేని గడి కదలకుండా కూర్చుంటుంది. కావలసిన ఏడెనిమిదీ ఎలాగూ చూస్తారు. అది మాత్రం ఆపరేటరు వల్ల కాదు, ఇంజనీరే చెయ్యాలన్నారు."

"అది ఒక్క టిక్కు."

"ఏంటి సార్?"

"ప్రోగ్రాము తయారుచేసేటప్పుడు ఖాళీలు ఎలా నింపాలి అని అడుగుతుంది. ఎదురుగా మూడు చోట్లుంటాయి. మిగతా చిప్పులన్నిటికీ 'పక్కదే' అన్నచోటే టిక్కు పెట్టాను. దీనికి మాత్రం..."

"గట్టిగా ఉండాలని."

"అవును. గట్టిగా ఉండాలని."

"ఇప్పుడు మార్చొచ్చా?"

"మార్చొచ్చు. ప్రోగ్రాము మళ్ళీ తయారవ్వాలి. పావుగంట పడుతుంది."

"అయితే కూర్చుంటాను సార్."

"అమ్మయ్య. ఇప్పటికి దయ కలిగింది."

"కాళ్ళు లాగుతున్నాయి."

"ముప్పై శాతం అయింది. ...అన్నయ్య రోజంతా ఏం చేస్తాడు ఇంట్లో?"

"మొదట్లో గోడ చూసేవారు. తరవాత వీధిలోవాళ్ళ ఫ్యాన్లు బాగుచేశారు. డబ్బు వద్దన్నారు. వద్దనేసరికి అందరికీ పాత ఫ్యాన్లు గుర్తొచ్చాయి. హాల్లో పదకొండు ఫ్యాన్లు పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం."

"ఇప్పుడూ అదేనా?"

"ఈమధ్య తీరిక లేదంటున్నారు."

"ఇంట్లో ఉన్నవాడికి తీరిక లేకపోవడమేంటి?"

"అరవై అయింది సార్, చూడండి."

"నిన్నిక్కడ ఆపరేటరుగా తీసుకున్నప్పుడు కూడా వాడేమీ అనలేదా?"

"'వెళ్ళు' అన్నారు. 'వాడి మెషిన్లు వాడికంటే నెమ్మదస్తులు, ఏమీ అనవు' అన్నారు."

"వాడి నోట్లో నా ప్రస్తావన వచ్చిందన్నమాట."

"మెషిన్ల ప్రస్తావన సార్."

"...తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. అయింది. చూడు, స్పీడు మళ్ళీ పై గీతకే పెడుతున్నాను. ఇందాక ఫెయిలైన చిప్పే. ...ఒకటీ పాయింటు నాలుగు."

"పాసు."

"ఇంకోటివ్వు."

"ఇదిగోండి."

"పాసు. ఇంకోటి."

"ఇదిగోండి."

"పాసు. ...ఇది కూడా. ఊఁ, ఇవ్వు, ఇవ్వు."

"అయిపోయాయి సార్. పన్నెండూ."

"ఎన్ని పాసయ్యాయి? లెక్క తప్పాను."

"పదకొండు. ఒకటి నిజంగానే పాడైంది."

"పదకొండు."

"సార్."

"ఏడాది వదినా. ఏడాదిపాటు ట్రేలకి ట్రేలు చెత్తలో పోశాం. ప్రతి ట్రే మీదా నా సంతకముంది."

"నీళ్ళు తాగు చిన్నా."

"ఏమన్నావు?"

"నీళ్ళు తాగమన్నాను."

"వాడు సరిగ్గానే గీశాడు. ఎక్కడా తప్పులేదు. ఒక్కసారి చూసుకోరా అన్నాడు, అంతే కదా అడిగింది. పావుగంట పని! అదీ చెయ్యలేదు నేను. అన్న అని వదిలేశాడంటారేమోనన్న భయంతో అన్ననే లేకుండా చేసుకున్నాను. ఏడుపొస్తోంది వదినా."

"తలుపు అద్దంది. కిటికీ వైపు తిరిగి ఏడు."

"..."

"అయిందా?"

"అయింది. నాలుగవడానికి ఎంతుంది?"

"పదిహేను నిమిషాలు. కాగితం నింపాలి."

"ఏం జరిగింది... 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెడితే?"

"అది నా తలనొప్పికి కూడా రాసుకోవచ్చు."

"'ఆపరేటరు అనుమతి లేకుండా స్పీడు తగ్గించడం వల్ల'... అది నిజమే కదా, ఆ మాటకొస్తే."

"నిజమే. అక్షరం అబద్ధం లేదు. రాసెయ్యి."

"నిన్ను తీసేస్తారు."

"తీసేస్తే ఇంకోచోట ట్రేలు మోస్తాను. నీకు చిన్నపిల్ల ఉంది. టిక్కు సంగతి ఇక్కడ మనిద్దరికే తెలుసు. రేపు చప్పుడు చెయ్యకుండా ఆరు మెషిన్లకీ కొత్త ప్రోగ్రాము ఎక్కించు. వారంలో అన్నీ తొంభై ఆరు చూపిస్తాయి. ఇంజనీరు గొప్పవాడంటారు."

"నిజంగానే అంటున్నావా?"

"దారుందని చెప్పాను. నడవమనలేదు."

"నువ్వు కూడా అన్నయ్యలాగే తయారయ్యావు."

"పదిహేనేళ్ళ కాపురం. అంటుకుంటుంది."

"...ఆ రబ్బరిలా ఇవ్వు."

"పెన్సిలు చెరిపి ఏం రాస్తావు?"

"ఆగు. రాయనీ. ...విను. 'ఏం జరిగింది: మంచి చిప్పుల్ని టెస్టే ఫెయిల్ చేసింది. ఎందుకు: టెస్టు చేసేటప్పుడు చిప్పు మామూలుగా తాగేదానికి మూడింతలు పైగా కరెంటు తాగించాం. ఖాళీలు తప్పుగా నింపాం.'"

"ఎవరు నింపాం?"

"ఏంటి?"

"నేను నింపలేదు."

"సరే. 'తాగించాను, నింపాను'. మార్చాను. 'ఏడాది కిందట డిజైను బలహీనమని నేనిచ్చిన రిపోర్టు తప్పు. చిప్పులో లోపం లేదు. బాధ్యులు'... నా పేరు. పెన్నుతో. ఇదిగో సంతకం."

"స్పీడు సంగతి?"

"నేనే తగ్గించమన్నానని రాస్తాను."

"అన్నావా?"

"లేదు."

"మరెందుకు రాయడం? నేను తగ్గించానని రాయి. ఎందుకు తగ్గించానో కూడా రాయి. నాకేం భయం లేదు."

"రాశాను. ఇక ఇది వాళ్ళ చేతిలో పడితే రేపటినుంచి నాకు ఈ గది ఉండదు. పోనీ. ఇవాళ సాయంత్రం మీ ఇంటికొస్తాను వదినా. అన్నయ్య కాళ్ళు పట్టుకుంటాను. తలుపు తీస్తాడంటావా?"

"సాయంత్రం దాకా ఎందుకు?"

"ఫోను చేస్తే ఎత్తడు. ఏడాదిగా చేస్తున్నాను."

"నీ ఫోనే మోగుతోంది, చూడు."

"హలో... ఆ, నేనే... అప్పుడే వచ్చేశారా? ...లేదు, కూర్చోబెట్టొద్దు, పైకి పంపించండి. వచ్చేశాడు వదినా. ఇన్‌స్పెక్టరు. లిఫ్టెక్కాడట."

"మొహం తుడుచుకో."

"కొనేవాళ్ళ కంపెనీలో చేరి రెండు వారాలే అయిందట. కుర్చీలో కూర్చుంటూనే నాలుగో మెషిన్ సంగతి అడిగాడట. ఎంత చండశాసనుడో ఏంటో!"

"అంతేం కాదు. ఎవరి నోటితో వాళ్ళు చెప్తే వింటారు."

"నీకెలా తెలుసు?"

"పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నేనే చిన్నా."